పెట్టెకు విశ్రాంతి

ఉప్పాడ నేతవీధిలో చంద్రరావంత భయస్తుడు ఇంకొకడు లేడు. గ్యాస్ కట్టేశాక రెండుసార్లు వెనక్కొచ్చి చూస్తాడు. గొళ్ళెం పెట్టిన తలుపుని మూడుసార్లు లాగి చూస్తాడు. ఉరిమితే ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపిస్తాడు, ఉరమకపోతే ఇంకా ఎందుకు ఉరమలేదా అని ఆకాశంకేసి చూస్తాడు. "మా ఆయన నిద్దట్లో కూడా ఒక కన్ను కాపలా పెడతారండి" అని భార్య సూర్యకళ నలుగురిలో అంటే తనూ నవ్వుతాడు గానీ, ఆవిడ చెప్పినదాంట్లో అతిశయోక్తి ఏమీ లేదు.

పాపం, ఈ భయం ఊరికే వచ్చింది కాదు. ఆయన పుట్టిన ఇల్లు సముద్రపొడ్డునే. చిన్నప్పుడు ఇంటికీ నీళ్ళకీ మధ్య రెండు వీధులూ ఒక సరుగుడు తోటా ఉండేవి. పెళ్ళినాటికి తోట లేదు. కూతురు పుట్టేనాటికి ఒక వీధి లేదు. ఆ పిల్ల బడికెళ్ళే వయసొచ్చేసరికి పెరట్లో బట్టలుతికే రాయి మీదికి నురుగొచ్చి పడేది. రాత్రికి రాత్రి పోయే ఆస్తి గురించి మనిషి ఒక్కసారే ఏడుస్తాడు. ఏడాదికింత, ఏడాదికింత అని కళ్ళముందు పోయేదాన్ని చూస్తూ పెరిగినవాడు ఇలా కాక ఇంకెలా తయారవుతాడు? చివరికి తల్లి బుల్లెమ్మనీ, భార్యాబిడ్డల్నీ తీసుకుని లోపలి నేతవీధిలో ఒక పెంకుటింట్లో అద్దెకి దిగాడు.

చంద్రరావు మగ్గం మీద కూర్చోడు. మగ్గాలకి గ్రాఫులు గీస్తాడు. ఉప్పాడ చీర మీద పువ్వు అచ్చు వేసింది కాదు, మిషను ఎక్కించింది కాదు. మగ్గం గుంటలో ఇద్దరు పక్కపక్కన కూర్చుని, గళ్ళ కాగితం మీద గీసిన పువ్వుని చూస్తూ, ఒక్కో గడికి ఒక్కో పోగు చొప్పున లెక్కపెట్టి, చేత్తో జరీ తిప్పుతారు. కాగితం మీద ఒక్క గడి తప్పితే చీర మీద చిలక ముక్కు వంకరపోతుంది. అందుకని ఆయన ఒక్కో వరసా నాలుగుసార్లు లెక్కపెట్టుకుని గాని పెన్సిలు ఆనించేవాడు కాదు. ఆయన భయం లోకంలో ఎవరికైనా పనికొచ్చిందంటే అక్కడే. ఇరవై ఎనిమిదేళ్ళలో మూడొందల పన్నెండు గ్రాఫులు గీశాడు. వీధిలో ముప్ఫై మగ్గాలు వాటి మీదే ఆడాయి.

మూడేళ్ళ కిందట ఆయనకి రెండు భయాలు ఒకేసారి పట్టుకున్నాయి. ఒకటి సముద్రం. గ్రాఫులన్నీ ఉన్న ఇనప ట్రంకు ఇంకా ఒడ్డు మీది పాత ఇంట్లోనే ఉంది. కొత్తింట్లో ఎలుకలున్నాయి, కాగితాలు కొరికేస్తాయని అక్కడే ఉంచాడు. రెండోది కళ్ళు. షుగరు కంటి వెనక పొర మీదికి పాకిందనీ, ఉన్న చూపు నిలబెట్టగలం గాని పోయినది తేలేమనీ కాకినాడలో డాక్టరు చెప్పాడు. గళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం అప్పటికే మొదలైంది.

దారి చూపించినవాడు ఐజాక్. పిఠాపురంలో ఒకప్పుడు నెట్ సెంటరు నడిపి, అందరి చేతిలోకీ ఫోన్లొచ్చాక దాన్ని మూసేసి, ఇప్పుడు అదే గదిలో సెల్‌ఫోన్లు బాగుచేసుకుంటున్నాడు. నెట్ సెంటరు నాటి కంప్యూటర్లు ఎనిమిది మూల పడి ఉన్నాయి.

"ఇందులో ఒకటి పట్టుకెళ్ళండి చంద్రరావు గారూ," అన్నాడు. "గ్రాఫులన్నీ స్కాన్ చేసి ఇందులో ఎక్కిద్దాం. దీనికి టీవీ అక్కర్లేదు, కీబోర్డు అక్కర్లేదు. మీ ఇంట్లో ఒక మూల అలా తిరుగుతూ ఉంటుంది. వైఫై పెట్టామంటే వీధిలో ఎవరి మగ్గం దగ్గర వాళ్ళు ఫోన్లో తెరిచి చూసుకుంటారు."

"ఇంటర్నెట్‌లో పెట్టేస్తే పోలేదా అని మా అమ్మాయి అంటోందండి."

"పెట్టొచ్చండి. మర్నాడే ఎక్కడో పవర్‌లూమ్ మీద మీ చిలక ఎగురుద్ది. ఆపైన మీ ఇష్టం."

ఆ ఒక్కమాట చాలు చంద్రరావుకి. గ్రాఫు వీధి దాటకూడదు. చూడ్డమే తప్ప ఫోన్లో దాచుకునే వీలు లేకుండా ఐజాక్ కట్టుదిట్టం చేశాడు. తెర మీది బొమ్మ తియ్యబోమనీ, ఎవరికీ పంపబోమనీ చంద్రరావు ఇంటింటికీ తిరిగి మాట తీసుకున్నాడు. స్కానింగ్ అయ్యాక ఐజాక్ తన దగ్గరున్న కాపీని కూడా ఆయన ఎదురుగానే చెరిపేశాడు. అలా ఆ పాత కంప్యూటరు బుల్లెమ్మ చెక్కబీరువా మీదికెక్కి, వీధి మొత్తానికి 'పెట్టె' అయ్యింది. ఐజాక్ వెళ్తూ వెళ్తూ ఒకటే చెప్పాడు: "ఇందులో డిస్కులు పాతవండి. తిరుగుతున్నంతకాలం తిరుగుతాయి. చీటికీమాటికీ ఆపకండి." కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ కూడా తగిలించి వెళ్ళాడు.

ఆ తర్వాత పధ్నాలుగు నెలలు కూర్చుని చంద్రరావు ఒక గ్రాఫు గీశాడు. సగం చూపుతో, భూతద్దం పెట్టుకుని, రోజుకి ఒక వరస చొప్పున. అది చీర కొంగుకి. కింద అంచు దగ్గర సన్నటి అలలు, పైకొచ్చేకొద్దీ పెద్దవి, ఆ పెద్ద అలల సందున మునిగిపోతున్న ఇళ్ళ కప్పులు, సరుగుడు చెట్ల తలలు. ఎవరికీ చూపించలేదు. సముద్రాన్ని కట్టుకోమంటే ఏ పెళ్ళికూతురు కట్టుకుంటుంది, అపశకునం అంటారని భయం. నేయించలేదు, కాగితాన్ని పాత ఇంటి ట్రంకు అడుగున పెట్టి, పెట్టెలో కూడా ఎవరికీ కనబడని చోట దాపించాడు. స్కాన్ చేసిన ఐజాక్‌కీ, ఇంట్లో సూర్యకళకీ తప్ప అలాంటిదొకటి ఉందని ఎవరికీ తెలియదు. కానీ తను గీసిన మూడొందల పన్నెండూ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు అని ఆయనకు తెలుసు. ఇంకొకటి గీసే చూపు లేదనీ తెలుసు.

పోయినేడు మహర్నవమికి పెట్టెకి కూడా బొట్టు పెట్టారు. ఆపలేదు, తిరుగుతుండగానే పెట్టారు. నెల తిరక్కుండా తుఫానొచ్చింది. పాత ఇంటి సముద్రం వైపు గోడ కూలి, మధ్యాహ్నానికి కప్పు దిగబడి, సాయంత్రానికి ఇల్లున్న చోట నీళ్ళున్నాయి. ఇనప ట్రంకు ఎలుకలకి దొరకలేదు గాని సముద్రానికి దొరికింది. "పోతే పోనీలెండి, అన్నీ పెట్టెలో ఉన్నాయిగా" అంది సూర్యకళ. ఉన్నాయి. ఇక పెట్టెలో మాత్రమే ఉన్నాయి.

అక్కణ్ణుంచి ఆయన భయమంతా ఆ పెట్టె మీదికి చేరింది. గంటకోసారి వెళ్ళి చెవి ఆనించి వినేవాడు. సన్నగా గుర్రుమంటూ తిరుగుతుంటే స్థిమితపడేవాడు. ఏప్రిల్లో ఐజాక్ వచ్చి చూసి, రెండు డిస్కుల్లో ఒకటి చచ్చిపోయిందనీ, ఇంకోటి పెట్టాలనీ, అందుకు పెట్టె ఒక గంట ఆపాలనీ చెప్పాడు.

"ఆపితే మళ్ళీ లేస్తుందాండి?"

"లేస్తుందనే అనుకుంటన్నానండి. పాతది కదా, రాసిమ్మంటే ఇవ్వలేను."

అనుకుంటన్నాను అన్న మాటతో చంద్రరావు పని సరి. వచ్చే వారం చూద్దామన్నాడు. పోనీ లాప్‌టాప్ తెచ్చి దీన్ని ఆపకుండానే వైఫైలోంచి లాక్కుంటానంటే, అంత బరువు ఒక్కసారి మోపితే ఉన్నదీ పోతుందేమోనన్నాడు. శ్రావణం తర్వాత అన్నాడు. వినాయక చవితి వెళ్ళాక అన్నాడు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అన్నారా? ఆ భూతం ఆర్నెల్లపాటు పెట్టె మూత తియ్యనివ్వలేదు.

ఈ ఏడు మహర్నవమి వచ్చింది. ఆ రోజు నేతవీధిలో ఒక్క మగ్గం ఆడదు. పోగుని అటూ ఇటూ నడిపే నాడెలు కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, మగ్గానికి ఆనించి కొబ్బరికాయ కొడతారు. మర్నాడు దశమి పూజ అయ్యాక గాని ఎవరూ పోగు ముట్టుకోరు. చప్పుడు లేని ఆ వీధిలో పొద్దున్నే చెక్కబీరువా ముందు నిలబడి బుల్లెమ్మ అంది: "దీన్ని ఆపరా చంద్రం."

"ఆపకూడదే అమ్మా. ఐజాక్ గారు చెప్పారు కదా."

"ఐజాక్ గారికి మగ్గం ఉందా? పనిముట్టుకి పూజంటే దాన్ని పని మానిపించి చెయ్యాలి. మగ్గానికి విశ్రాంతి, నాడెకి విశ్రాంతి, దీనికి మటుకు వద్దా? పోయినేడు గిర్రున తిరుగుతుంటే మొహాన ఇంత కుంకుమ పులిమాం. ఏమైంది? నెల తిరిగిందా? ఇల్లు గంగలో కలిసింది."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"నీకు కనబడదురా. కనబడినప్పుడు ఏం చేస్తావు?"

చంద్రరావు పెట్టెకేసి చూశాడు, అమ్మకేసి చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆపితే ఐజాక్ చెప్పిన భయం, ఆపకపోతే అమ్మవారి భయం. రెండు భయాల్నీ ఎత్తి చూసుకున్నాడు. ఐజాక్ మనిషి, పొరపాటు పడొచ్చు. అమ్మవారు పొరపాటు పడదు కదా? పైగా పోయినేడు ఆపలేదు, ఇల్లు పోయింది, ఆ రెండూ జరిగిన మాట నిజం. ఈ లెక్క ఎక్కడో తేడాగా ఉందని తెలుస్తూనే ఉంది. అయినా చెయ్యి వెళ్ళింది. బ్యాటరీ తీగ తీసేశాడు, మీట నొక్కాడు. రెండేళ్ళ తొమ్మిది నెలల తర్వాత పెట్టె ఒక చిన్న నిట్టూర్పు విడిచి ఆగిపోయింది.

బుల్లెమ్మ తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, మూడు బొట్లు పెట్టి, నిమ్మకాయ పెట్టింది. ఆ రోజంతా చంద్రరావు అన్నం సరిగ్గా తినలేదు. వినడానికేమీ లేదని తెలిసి కూడా నాలుగైదుసార్లు బీరువా దగ్గరికి వెళ్ళొచ్చాడు.

దశమి పొద్దున్న హారతి ఇచ్చాక మీట నొక్కాడు. పచ్చ లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. ఆ రెండూ చూసి సూర్యకళ "హమ్మయ్య" అంది. చంద్రరావు చెవి ఆనించాడు. గుర్రు లేదు. టిక్కుమంది. ఆగింది. మళ్ళీ టిక్కుమంది. పది నిమిషాల్లో వీధి చివర్నుంచి లావణ్య వచ్చింది, వాళ్ళ ఫోన్లో గ్రాఫు తెరుచుకోవడం లేదని. ఆ వెనక ఇంకో ఇద్దరు. ఆపైన గుమ్మం నిండిపోయింది.

"ఫోన్లో ఎవరైనా బొమ్మ తీసి పెట్టుకున్నారా అమ్మా?" అనడిగాడు చంద్రరావు ఆశగా. ఇన్నాళ్ళూ ఏది చెయ్యొద్దని బతిమాలాడో అదే ఎవరో ఒకరు చేసి ఉంటే బాగుణ్ణని.

"తియ్యొద్దన్నారు కదా బావగారూ," అంది లావణ్య. "మేం తియ్యలేదండి."

ఎవరూ తియ్యలేదు. మాట మీద నిలబడే జనం కూడా ఒక్కోసారి కొంప ముంచుతారు.

పదింటికల్లా ఐజాక్ బండి మీద వచ్చాడు. పసుపు బొట్లు చూశాడు, నిమ్మకాయ చూశాడు, బుల్లెమ్మ మొహం చూశాడు. ఎవర్నీ ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది. పెట్టె మూత విప్పి డిస్కు బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని చెవి దగ్గర ఆనించుకున్నాడు.

"ఇన్నాళ్ళూ వేడి మీద తిరిగింది. చల్లారి లోపల బిగుసుకుపోయిందండి," అన్నాడు. "మెల్లగా ఒక విసురు విసిరి చూస్తాను. లేస్తే లేస్తుంది. లేచినా ఎంతసేపుంటుందో చెప్పలేను. మళ్ళీ మాత్రం లేవదు. ఏది ముందు కావాలో అది చెప్పండి, ఒక్కోటీ తీసి లాప్‌టాప్‌లో వేస్తాను. ఒక్కోటి అయిదారు నిమిషాలు పట్టొచ్చు."

డిస్కుకి తీగ తగిలించి, మణికట్టుతో ఒక్క మెలిక తిప్పాడు. టిక్కుమంది. ఇంకోసారి తిప్పాడు. గుర్రుమంది. లాప్‌టాప్ మీద పేర్ల జాబితా మెల్లగా దిగింది.

"చెప్పండి," అని ఐజాక్ తలెత్తి, గొంతు తగ్గించి, "అదేనా?" అన్నాడు.

చంద్రరావు నోరు తెరిచాడు. అదే అందామనుకున్నాడు. గుమ్మంలో ముందు వరసలో పాపాయి నిలబడి ఉంది. లావణ్య అత్తగారు, వీధిలో అందరికంటే పెద్ద నేతగత్తె, తనకి వరసకి పిన్ని. ఆవిడ మగ్గం మీద పెళ్ళి చీర సగం కొంగు దగ్గర ఆగి ఉంది. ఆవిడ వెనక ఇంకో పదిమంది, పది మగ్గాలు, సగం సగం చీరలు. వీళ్ళందరి నోటి దగ్గరి కూడు ఆపేసి, ఎవరూ అడగని, ఎవరూ చూడని, ఎవరూ కట్టని సముద్రాన్ని ముందు తియ్యమనడానికి ఆయనకు నోరు రాలేదు. తర్వాత ఏమంటారోనని భయం వేసింది. అది మంచితనమో భయమో అప్పుడు తేల్చుకునే తీరికా లేదు.

"ముందు పిన్నిదండి," అన్నాడు. "నెమలి కొంగు."

ఐజాక్ ఒక క్షణం ఆగి, సరేనన్నట్టు తలూపాడు. నెమలి కొంగు వచ్చింది. తర్వాత మగ్గాల మీదున్నవి ఒకటొకటిగా. మామిడి పిందె, జంట హంసలు, తామరతీగ. ఒక్కోటి అయిపోగానే గుమ్మంలో ఒకళ్ళు దణ్ణం పెట్టుకుంటున్నారు. చంద్రరావు డిస్కుకేసే చూస్తూ మనసులో లెక్కపెట్టుకుంటున్నాడు. ఏడు. ఎనిమిది. ఇంకో మూడు అయితే తనది. తొమ్మిదో గ్రాఫు సగంలో గుర్రు గొంతు మారింది. పదోదానికి ఇరవై నిమిషాలు పట్టింది. పదకొండోది వచ్చేసింది. "ఇప్పుడు అది, ఇప్పుడు అది తియ్యండి ఐజాక్ గారూ" అని చంద్రరావు దాదాపు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఐజాక్ నొక్కాడు. తెర మీద గీత కొంచెం పాకింది. డిస్కు ఒక్కసారి గీరుకున్నట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తిప్పినా, అటు తిప్పినా ఇటు తిప్పినా, లేవలేదు.

ఐజాక్ దాన్ని బల్ల మీద పెట్టేసి చేతులు తుడుచుకున్నాడు. జనం మెల్లగా సర్దుకున్నారు. వాళ్ళ గ్రాఫులు వాళ్ళకి దక్కాయి, చంద్రరావుకి తలో మంచిమాట చెప్పి వెళ్ళారు. పాపాయి మాత్రం వెళ్ళలేదు. మంచం మీద కూర్చున్న ఆయన మొహంకేసి చూసి దగ్గరికొచ్చింది.

"ఏంటి చంద్రం, అలా అయిపోయావు? మా అందరివీ వచ్చినియ్యిగా."

"వచ్చినియ్యి పిన్నీ."

"అయినా నాది ముందు తియ్యమన్నావేంటి? నెమలి కొంగు నాలుగోసారి నేస్తన్నాను. నాకు గ్రాఫెందుకు, వేళ్ళకే వచ్చు. లావణ్య చూసుకుంటదని పక్కన పెట్టుకుంటాను, అంతే. ఆ మాటకొస్తే నేసినవన్నీ చీరల్లో లేవా? చీర పరుచుకుని పోగులు లెక్కపెడితే గ్రాఫు మళ్ళీ రాదూ? ఎక్కడా లేనిదేదో అది కదా ముందు తియ్యాలి. నన్నడిగితే చెప్పేదాన్ని."

చంద్రరావు అడగలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా వాళ్ళ కోసం గీస్తూ, ఆ వేళ్ళకి ఏమొచ్చో ఒక్కసారీ అడగలేదు. పోవడానికి వీల్లేనివన్నీ కాపాడి, పోతే మళ్ళీ రానిదాన్ని చివర పెట్టాడు. ఎంత గింజుకున్నా కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. తల్లి చూస్తుందని మొహం తిప్పుకున్నాడు గానీ బుల్లెమ్మ అప్పటికే చూసింది. ఆవిడ పొద్దుటినుంచీ వంటింటి గడప దాటి ఇటు రాలేదు.

"అలాంటిదేమైనా ఉందా, ఎక్కడా లేనిది?" అని పాపాయి గొంతు తగ్గించి అడిగింది.

"ఒకటుంది పిన్నీ," అని చెప్పాడు. మొదటిసారి చెప్పాడు. అలలు, ఇళ్ళ కప్పులు, సరుగుడు తలలు. అపశకునమంటుందేమోనని ఆవిడ మొహం చూశాడు. ఆ చూపుకి మొహం సరిగ్గా ఆనలేదు.

"మా అమ్మ ఇల్లు కూడా ఆ వరసలోదే," అంది పాపాయి. "మూడో ఇల్లు. లావణ్యా, గళ్ళ కాగితం తే. పెన్సిలు కూడా. గీసినోడివి నువ్వే కదా, చెప్పు. అది గీస్తది."

"నాకు కనబడదు పిన్నీ."

"కళ్ళు మూసుకునే చెప్పు."

లావణ్య నేల మీద కాగితం పరిచి కూర్చుంది. చంద్రరావు కళ్ళు మూసుకున్నాడు. కింది వరస, ఎడమ నుంచి ఆరు ఖాళీ, మూడు నిండు, రెండు ఖాళీ, అయిదు నిండు. భూతద్దం కింద పధ్నాలుగు నెలలు చూసిన గళ్ళు, అవంతట అవే వస్తున్నాయి. రెండో వరస. మూడో వరస. పది వరసలు నడిచాక లావణ్య పెన్సిలు చెక్కుకుంది. ఐజాక్ వెళ్ళడానికి లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు.

ఇరవై మూడో వరసలో, మొదటి ఇంటి కప్పు మొదలయ్యే చోట, ఆయన ఆగిపోయాడు. అక్కడ ఖాళీ పన్నెండా, పద్నాలుగా? ఎంత వెతికినా దొరకలేదు. ఒకప్పుడైతే నాలుగుసార్లు లెక్కపెట్టుకునేవాడు. ఇప్పుడు పోల్చి చూసుకోవడానికి కాగితం లేదు, పెట్టె లేదు, అది ఏ చీర మీదా లేదు. ఇలాంటి వరసలు ఇంకా నాలుగొందల పైన ఉన్నాయి. లావణ్య పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తోంది.

"పద్నాలుగు," అన్నాడు చంద్రరావు.

పెన్సిలు కాగితం మీద కదిలిన చప్పుడు వినబడింది. బతుకులో ఖాయంగా తెలియకుండా ఆయన వేయించిన మొదటి గడి అది.

"తర్వాతండి బావగారూ?"

మెడ మీది చెమట తుడుచుకుని, చంద్రరావు తర్వాతది చెప్పాడు.